అడుగున్నర తక్కువైన కోళ్లగూడు

"పది కోళ్లకు గింత గూడా? నీ షాపుల పదిమందిని ఏసి షట్టర్ గుంజితే నువ్వు నిద్రపోతవా?"

చిలుకూరులో వీరేందర్ వెల్డింగ్ షాపు ముందు నిలబడి సుమలత అడిగిన మాట ఇది. అతను సుద్దముక్కతో నేలమీద గీసిన గీతలు ఆమెకు నచ్చలేదు. అతనికి మాత్రం ఆమె మూతి ముడిచిన ముఖం బాగా నచ్చింది. బడికి పోయే రోజుల నుంచీ నచ్చుతూనే ఉంది, పాపం. చెప్పడానికే నోరు రాలేదు. ఇనుపకడ్డీలను నిప్పుతో అతికించేవాడికి రెండు మాటలు అతికించడం చేతకాదంటే ఎవరు నమ్ముతారు?

"మరెంత గావాలె?"

"ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. కింద కాళ్లు పెట్టు, నేలకు ఆనితే ముంగిస తవ్వుకొని వస్తది. గాలికి మూడు దిక్కుల జాలీ, వాన కొట్టే దిక్కు రేకు. లోపల ఎక్కి కూసునే కర్ర ఈ కొస నుంచి ఆ కొస దాక ఉండాలె."

"కోళ్లకా, కొత్త కోడలికా?"

"కోళ్లకే. కోడలికైతే ఇంకో రెండడుగులు అడుగుతుంటి."

ఇద్దరూ నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"తొమ్మిది పెట్టలు, ఒక పుంజు," అని లెక్క చెప్పింది సుమలత.

సుద్దముక్క ఆగింది. "మీ ఇంట్ల పుంజు లేకుండె గదా?"

"మొన్ననే వచ్చింది. మా మిల్లు చిన్న సేటు లేడా, సుమంత్, ఆయన ఇచ్చిండు. ఎంత ముద్దుగుంటదో తెల్సా? మెడ తోమిన రాగి చెంబు లెక్క మెరుస్తది. నడుస్తుంటే సూడాలె దాని ఠీవి."

సుమలత కోదాడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఆ మిల్లు యజమాని కొడుకే సుమంత్. వీరేందర్ అతన్ని ఎన్నడూ చూడలేదు. చూడకపోతేనేం, ఆ మధ్యాహ్నానికల్లా తన ఊహలో అతనికి మంచి ఎత్తు ఇచ్చాడు, నల్ల కళ్లద్దాలు ఇచ్చాడు, తెల్ల కారు కూడా ఇచ్చాడు. ఊళ్లో పిల్లగాళ్లు వాచీలిస్తారు, చాక్లెట్లిస్తారు. వీడు పుంజునిచ్చాడంటే ఎంత ముందుచూపు? రోజూ తెల్లారగానే సుమలతను నిద్ర లేపేది వాడి పుంజే కదా.

అనుమానం ఇనుప రజను లాంటిది. కంట్లో పడ్డాక ఎంత నలిపితే అంత మంట. ఆ మంటలోనే వీరేందర్ కటింగ్ మిషన్ ముందు కూర్చున్నాడు. ఆరడుగుల దగ్గర పెట్టాల్సిన గుర్తు నాలుగున్నర దగ్గర పెట్టాడు. పెట్టలు సర్దుకుంటాయి, పుంజు సంగతి దాన్ని ఇచ్చినవాడే చూసుకుంటాడు, అనుకున్నాడు. గూడు దింపిన రోజు సుమలత మిల్లులో ఉంది. వాళ్ల నాయనమ్మ బాలనర్సమ్మ గూటికి పసుపు కుంకుమ పెట్టి, ఇతని చేతికి చాయ్ గ్లాసు ఇచ్చి పంపింది. కొలిచిందెవరు?

కొన్ని రోజులకు ఒక సాయంత్రం సుమలత మళ్లీ షాపుకు వచ్చింది. చంకలో నల్ల పెట్ట, పేరు కాకి. దానికి తోక లేదు. తోక ఉండాల్సిన చోట ఎర్రగా పుండు.

"సూడు మా కాకిని. పొద్దుగూకితే చాలు, కర్ర మీద చోటు కోసం ఒకదాన్నొకటి పొడుసుకుంటున్నయి. గుడ్లు గూడ బందైనయి."

"మరి... పుంజు?"

"అది గూట్ల పట్టక జామచెట్టు ఎక్కుతుంది. వానకు తడిసి గురగురమంటుంది."

ఈ మాటకు వీరేందర్ సంబరపడాలి. కానీ అతని చూపు కాకి పుండు మీదే ఆగింది.

"తప్పు నాదే, వీరేందర్. కొలత నేనే తక్కువ చెప్పిన. నాయనమ్మ దినాం తిడుతుంది. రేపు మోతె ఊర్ల ఉన్న మా మేనత్తకు నాలుగు పెట్టలు ఇచ్చేస్త. కాకిని గూడ." పిల్లగా ఉన్నప్పటి నుంచి అరచేతిలో నూకలు పెట్టి పెంచిన కోడి అది. దాని వీపు నిమురుతూ తల వంచుకుంది. "చిన్న సేటు వేరే మిస్త్రీని పంపుతనన్నడు. నేనే వద్దన్న. వీరేందర్ చేతిల కొలత తప్పదని చెప్పిన."

ఆమె వెళ్లిపోయింది. వీరేందర్‌కు ఆ పూట అన్నం సయించలేదు. సుమంత్ మీద కోపం ఉండాల్సిన చోట తన మీద అసహ్యం కూర్చుంది.

తెల్లారి, ఆమె కోళ్లను గంపలో పెట్టకముందే టేపు పట్టుకొని వాళ్ల వాకిట్లో నిలబడ్డాడు.

"సుమలతా, ఆ కొస పట్టు."

పట్టింది. టేపు చూసింది. మళ్లీ చూసింది. "నాలుగున్నరనే ఉంది. నేను ఆరు చెప్పినట్టు యాదికుందే."

"ఆరే చెప్పినవ్. అడుగున్నర నేనే కోసిన."

"ఎందుకు?"

"పుంజుకు జాగ ఉండొద్దని."

"అదేం జేసింది నిన్ను?"

"అదేం జెయ్యలే. నువ్వు దాని ముచ్చట చెప్తుంటే, అది ఇచ్చినోడు యాదికొచ్చి నాకు కడుపుల మండింది." అతను టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నేల చూశాడు. "నువ్వంటే నాకిష్టం. బడిల ఉన్నప్పటి నుంచి."

సుమలత చూపు గూటి వైపు తిరిగింది. అరుగు మీద బియ్యం ఏరుతున్న బాలనర్సమ్మ మాత్రం చేట పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

"ఓరి పిలగా, ఆ సేటు ఇంట్ల గుడ్డు గూడ రానియ్యరు. ఎవరో రైతు ప్రేమతోటి, పావురంగ పుంజునిస్తే, వాళ్లమ్మ పుష్పావతమ్మ దాన్ని గడప తొక్కనియ్యలే. ఆ పోరడు సంచిల ఏసుకొని, మొకం పక్కకు పెట్టుకొని వచ్చిండు. 'అక్కా, జర దీన్ని తీస్కో అక్కా' అని గీడ ఇడిసి ఉరికిండు. ఇంకా మూతి మీద మీసం గూడ సక్కగ రాలే వానికి."

కళ్లద్దాలు పోయాయి. తెల్ల కారు పోయింది. మిగిలింది సంచి పట్టుకొని పరుగెత్తే ఒక కుర్రాడు.

సుమలత నవ్వలేదు. "కోపముంటే నన్ను అడగాలె. నోరులేని కోళ్ల మీద తీర్సుకుంటవా?"

"తప్పయింది."

"తప్పయిందంటే కాకికి తోక వస్తదా?"

వీరేందర్ షాపుకు పోయి సామాను తెచ్చాడు. గూడు ఒక పక్క విప్పి, కొత్త కడ్డీలు అతికించడానికి కూర్చున్నాడు. సుమలత మిల్లుకు సెలవు పెట్టింది. పలకరించదు, లోపలికీ పోదు. అతను చేయి చాపకముందే సుత్తి అందిస్తుంది.

మధ్యాహ్నం దాటాక నోరు విప్పింది. "ఎంత పెడ్తున్నవ్?"

"ఏడడుగులు."

"నేను ఆరే గదా చెప్పింది."

"రేపు గుడ్లు పొదిగి పిల్లలు లేస్తే ఏడ పండుకుంటయి?"

ఆమె జాలీ తలుపును అటూ ఇటూ తిప్పింది. "దీనికేం డిజైన్ లేదా?"

"కోళ్లగూటికి డిజైనా?"

"సూర్యాపేటల ఆ అమూల్య వాళ్లింటికి నువ్వు జేసిన గేటుకు మాత్రం రెండు హంసలు, నడుమ తామరపువ్వు. పక్కన ఆ పిల్లను నిలవెట్టి ఫొటో తీసి స్టేటస్ గూడ పెడ్తివి."

"గది వాళ్ల నాయిన చెప్పి చేయించుకున్నడు. ఫొటోల ఉన్నది గేటు. ఆ పిల్ల అడ్డమొచ్చింది."

"అడ్డమొచ్చి అంత నవ్వుతదా?" సుమలత గొంతు సన్నబడింది. "ఆ స్టేటస్ చూసినంక నీ షాపు ముందు నుంచి పోబుద్ధి కాలే. బస్టాండుకు చుట్టూ తిరిగి పోయిన."

వీరేందర్ ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్ల అద్దం తీసేశాడు. "నీకు గూడ మండిందా?"

"మండదా మరి?"

బాలనర్సమ్మకు ఇంక ఓపిక అయిపోయింది. "మీ ఇద్దరి మంటల నా కోళ్ల ఈకలు పోయినయి. ఒరే పిలగా, ఐతారం మీ అమ్మను రమ్మను. మాట్లాడేది ఉంది."

పొద్దుగూకుతుంటే సన్నగా వాన మొదలైంది. పెట్టలు ఒక్కొక్కటే గూట్లోకి దూరి కర్ర మీద వరుసగా కూర్చున్నాయి. కాకి ఒక చివర, ఎవరికీ తగలకుండా. అందరికంటే ఆఖరున పుంజు జామచెట్టు దిగి, నాలుగు దిక్కులూ చూసి, పెద్దమనిషిలా లోపలికి నడిచింది. వీరేందరే తలుపు గొళ్లెం పెట్టాడు.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

"జర జరుగు, జల్లు కొడుతుంది," అంది సుమలత.

జల్లు అక్కడిదాకా రావడం లేదు. అరుగు మీద ఇంకో నలుగురు కూర్చునే చోటుంది. కంటిచూపుతో కొలత చెప్పగలిగినవాడు వీరేందర్, అయినా ఆ మాట అనలేదు. జరిగాడు, ఆమె వైపుకే.