గాజు మీద సంతకం

డెల్ఫిన్ కారియేర్‌కి తుపాకీ అంటే భయం లేదు. ఆమెకున్న పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒక సాయంత్రం డేకేర్‌కి వెళ్ళేసరికి, "అదేంటమ్మా, మీ పాపని ఇందాక మీరే తీసుకెళ్ళారుగా!" అని అంటారేమోనని.

ఆ సంగతి గూఢచారి శాఖలో ఆమె పై అధికారి వార్కెంటిన్‌కి తెలియదు. తెలిసినా ఈ పని ఆమెకే ఇచ్చేవాడేమో.

గడ్డకట్టిన నది మీద స్కేటింగ్ చేసేవాళ్ళు జారుకుంటూ పోతున్నారు. బెంచీ మీద కూర్చుని ఉన్ని టోపీని కనుబొమల దాకా లాక్కున్నాడు వార్కెంటిన్.

"ఇక నుంచి నీ పేరు నోరా. ఎక్స్‌ఛేంజ్ పేటలో చిన్న యాప్ కంపెనీ ఉంది. డేకేర్లకీ కొరియర్లకీ సంతకం తీసుకునే యాప్ చేస్తారు. అక్కణ్ణుంచి జనాల సంతకాలు సముద్రం దాటిపోతున్నాయి. ఎవరు పంపుతున్నారో పట్టుకో."

డెల్ఫిన్ తన ఐదేళ్ళ కూతురు జోసెట్‌ని వదిలే డేకేర్‌లో వాడేదీ ఆ యాపే.

"నాకు యాప్ చెయ్యడం ఏం వచ్చు సార్?"

"నేర్పిస్తాం. వేలితో సంతకం పెట్టుకునే గడి ఒక్కటి చేస్తే చాలు. ఎంత, చిన్న పెట్టె."

"మందుపాతర కూడా చిన్న పెట్టేగా సార్."

వార్కెంటిన్ నవ్వలేదు. "లోపల మనకి సాయంగా మిత్రదేశం మనిషి ఒకామె ఉంది. 'నది గట్టిపడిందా?' అని అడుగుతుంది. 'స్కేట్లు పదును పెట్టించాను' అను."

"ఆమెకి నా అసలు పేరు తెలుసా?"

"నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు."

ఆఫీసులో మొదటిరోజే కాఫీ మెషీన్ దగ్గర ఆ ప్రశ్న వినిపించింది. అడిగినామె పేరు ఇలోనా. ఎర్ర కోటు, నల్ల తోలు గ్లవ్స్, ఎంత ఈదురుగాలికీ చెదరని జుట్టు. డెల్ఫిన్ తన జవాబు చెప్పింది. ఇద్దరూ స్నేహితులైపోయారు.

కానీ ఆ చిన్న పెట్టె ప్రాణం తోడేసింది. రాసే కోడ్ ఒకటే, అది ఐఫోన్లోనూ ఆండ్రాయిడ్లోనూ ఒకేలా నడవాలి. ఒకదాంట్లో గీత నెయ్యి కారినట్టు నున్నగా వచ్చేది, రెండోదాంట్లో విరిగిన అగ్గిపుల్లల్లా వచ్చేది. వేలు కిందికి లాగితే గీత పడకుండా పేజీ మొత్తం పైకి పోయేది. విసుగెత్తిన డెల్ఫిన్ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి వాటి మధ్య ఒక లంకె వేసింది. ఒకదాని మీద గీస్తే రెండోదాని మీద కూడా ఆ గీత అప్పటికప్పుడు పడాలి. అప్పుడు తేడా ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. గీయడం, చూడడం, తుడవడం. మళ్ళీ గీయడం. చివరికి గడి కుదిరింది. యాప్ కొత్త రూపం ఊళ్ళోని డేకేర్లన్నిటికీ వెళ్ళిపోయింది.

తరవాత ఒక మధ్యాహ్నం మంచు తుఫాను. అందరూ ఇంటి నుంచే పని చెయ్యమని ఆఫీసు మెయిల్ వచ్చింది. అది డెల్ఫిన్‌కి మాత్రం రాలేదు. మూడో అంతస్తులోని అద్దాల గదిలో ఒక్కతే కూర్చుని ఉండగా ఇలోనా వచ్చింది. వెనకే ద్వారబంధం నిండా ఒక మనిషి.

"ఇతను టిమో. మాటలు తక్కువ, తిండి ఎక్కువ," అంది ఇలోనా. "నీ గడి బ్రహ్మాండంగా ఉంది నోరా. లేక డెల్ఫిన్ అని పిలవనా?"

తలుపు తాళం పడింది.

"పరీక్షకి ఏదో ఒకటి గీయమంటే అందరూ పిచ్చిగీతలు గీస్తారు," ఇలోనా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వేమో రోజూ నీ సంతకమే పెట్టావు. దొంగపేరుతో ఉద్యోగం, అసలు పేరుతో సంతకం! ఏ బడిలో చదివావే నువ్వు?"

డెల్ఫిన్ బల్ల మీది రెండు ఫోన్ల వైపు చూసింది. నిజమే. మనసు కోడ్ మీద ఉంటే, చెయ్యి తనకి అలవాటైన పని తను చేసుకుపోయింది.

"ఒట్టి గీతే కాదు, ఎక్కడ ఆగావో, ఎక్కడ తొందరపడ్డావో చుక్క చుక్కా నాకు చేరింది."

"సంతకాలు పంపేది నువ్వేనన్నమాట."

"ఇప్పుడా పట్టుకునేది? పోనీలే, పని మాట్లాడుకుందాం. నేను నిజంగా పనిచేసే దేశం నుంచి పారిపోయి వచ్చిన ఇంజనీర్ని మీవాళ్ళు ఎక్కడ దాచారు?"

"నాకు తెలియదు."

"సరే, జోసెట్‌ని అడుగుతాను."

డెల్ఫిన్ లేచింది. టిమో ఆమెని కుర్చీలో కుదేసి, రెండు చేతులూ కుర్చీ చేతులకి ప్లాస్టిక్ పట్టీలతో బిగించేశాడు.

ఇలోనా ఎర్ర కోటు విప్పి అచ్చం డెల్ఫిన్‌దిలాంటి పాత నీలం కోటు తొడుక్కుంది. స్కార్ఫ్ కళ్ళ కింది దాకా చుట్టుకుంది. "ఈ చలిలో మొహం చూపించే తల్లెవరు చెప్పు?" చూపుడువేలికి సన్నటి రబ్బరు తొడుగు ఎక్కించింది. అందులో మోటారు గుయ్యిమంది. వేలు తనంతట తానే గాల్లో 'డెల్ఫిన్ కారియేర్' అని రాసింది. "రెండు తలుపుల మధ్యనున్న ట్యాబ్లెట్ మీద సంతకం సరిపోయిందంటే లోపలి తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. నువ్వు చేసిన యాపే!"

పరీక్ష ఫోన్ ఒకటి తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టింది. "డేకేర్ ట్యాబ్లెట్ మీద ఏం గీసినా ఇక్కడ పడుతుంది. ఈ లంకె తీసెయ్యడం మరిచిపోయి యాప్ పంపించేశావు, పిచ్చిదానా. నీ సంతకాలన్నీ నాకు ఈ దారినే వచ్చాయి. నువ్వు కూడా చూస్తూ కూర్చో."

ఆమె వెళ్ళిపోయింది. టిమో డేకేర్ ట్యాబ్లెట్ మైకులోని మాటలు వినిపించేలా తన ఫోన్ స్పీకర్ పెట్టుకుని చికెన్ ముక్కల పొట్లం విప్పాడు. గదంతా తేనె, సోయాకూర సాస్ వాసన.

"నా చేతులకి రక్తం ఆడటం లేదు."

"కాళ్ళకి ఆడుతోందిగా," అన్నాడు టిమో నములుతూ.

అద్దానికి అవతల మంచు అడ్డంగా కొడుతోంది. డెల్ఫిన్ పట్టీలు లాగింది. తెగలేదు. మణికట్లు ఒరుసుకుపోయాయి.

స్పీకర్లో తలుపు చప్పుడు. తరవాత, లోపలి అద్దం తలుపు వెనక నుంచి, డేకేర్ నడిపే ఒలెసియా గొంతు. "త్వరగా లోపలికి రామ్మా, తలుపు వెయ్యి, పిల్లలకి చలి."

"గొంతు పోయింది," ఇలోనా బొంగురుగా గుసగుసలాడింది.

"ఊరందరికీ అదే జబ్బు. నువ్వు సంతకం పెట్టు, ఈలోపు దీనికి బూట్లు తొడుగుతా. జోసెట్, అమ్మ వచ్చింది!"

డెల్ఫిన్ ముందున్న ఫోన్ మీద ఒక నల్లటి గీత లేచింది. డి అక్షరం పొట్ట. ఎప్పుడూ తను ఆగే చోటే ఆగింది, తను తొందరపడే చోటే తొందరపడింది. డెల్ఫిన్ తన చేతి వైపు చూసుకుంది. చెయ్యి కుర్చీకి కట్టేసి ఉంది. సంతకం మాత్రం ఊరి అవతల పడుతోంది.

"చెప్తాను! ఆ ఇంజనీర్ ఎక్కడున్నాడో చెప్తాను. ఆవిణ్ణి ఆపమను!"

"ఎలా ఆపమంటావు?" టిమో సాస్ నాక్కున్నాడు. "అక్కడి మాట మనకి వినిపిస్తుంది గానీ మన మాట ఆవిడకి పోదు."

డెల్ఫిన్ తల బల్ల మీదికి వాలిపోయింది.

"ఏడువు. ఏడిస్తే తేలికవుతుంది," అన్నాడు టిమో జాలిగా.

ఆమె ముక్కు గాజుకి తగిలింది. తెర మీద, సంతకం పక్కన, లావుపాటి మచ్చ ఒకటి పడింది.

ఆ లంకె వేసింది తను. ఒక ఫోన్ గీసేది, ఇంకొకటి చూసేది అని తను ఎక్కడా రాయలేదు. ఎటు గీసినా రెండోవైపు పడుతుంది.

ముక్కుతో రాయడం ఆమెకి కొత్త కాదు. ఆ ఊళ్ళో చలికాలం ఏ తల్లికీ కొత్త కాదు. చంకలో పిల్ల, భుజాన సంచి, చేతులకి ఉన్ని తొడుగులు. ఉన్నిని గాజు పట్టించుకోదు. అందుకని వంగి ముక్కుతో ఒక గీత లాగేసి పోతారు. గీత సరిపోకపోయినా మనిషిని గుర్తుపట్టి ఒలెసియా తలుపు తీసేస్తుంది.

ఆమె భుజాలు కదిలించి గట్టిగా వెక్కింది. వెక్కుతూనే ముక్కుని పైకి లాగింది, ఏటవాలుగా కిందికి, మళ్ళీ పైకి. ఎన్. సంతకం చివరి అక్షరంలోకి వచ్చేసింది. ఆమె ముక్కుని గుండ్రంగా తిప్పింది. ఓ.

"అబ్బో, ఎంత బాగా పెట్టావే సంతకం!" స్పీకర్లో ఒలెసియా. "రోజూ వానపాము పాకినట్టు ముక్కుతో గీకుతావుగా?"

"గొంతు..."

"గొంతు పోతే పోయింది, ముక్కుకేమైంది?" ఒలెసియా నవ్వు సగంలో ఆగింది. "ఉండు. ఇదెవరు రాస్తున్నారు? నీ వేలు ఇక్కడుంటే... 'నో' అని..."

ఇలోనా వేలు సంతకం ఖాయం చేసే ఆకుపచ్చ బటన్ వైపు వెళ్ళే ఉంటుంది.

"ఇది ముక్కే," అంది ఒలెసియా. "ఈ ముక్కు నాకు తెలుసు."

టక్. టక్. ఒలెసియా మీట నొక్కినట్టుంది, లోపలి తలుపూ బయటి తలుపూ ఒకేసారి బిగుసుకున్నాయి. ఆ రెండింటి మధ్య, తడి బూట్లు ఆరబెట్టే ఇరుకు గదిలో, ఇలోనా పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టింది.

"బూట్లు విప్పెయ్ తల్లీ," ఒలెసియా నెమ్మదిగా అంటోంది. "మీ అమ్మ ఇంకా రాలేదు."

డెల్ఫిన్ ఇప్పుడు నిజంగా ఏడ్చింది.

టిమో లేచి కోటు తొడుక్కున్నాడు. చికెన్ కూడా వదిలేశాడు, ఫోన్ కూడా.

"నన్ను విప్పి పోరా!"

"కట్టమన్నారు. విప్పమని ఎవరూ చెప్పలేదు," అని తలుపు బయట తాళం వేసుకుని మరీ పోయాడు.

స్పీకర్లో, ఒలెసియా పిలిపించిన పోలీసుల సైరన్లు. తరవాత, కబురందుకుని వచ్చిన వార్కెంటిన్ గొంతు. "శభాష్! మరి మనమ్మాయి ఏదీ?"

"తుఫాను కదా సార్, దారిలో ఉండి ఉంటుంది," అన్నారెవరో. కేకు ఉందా అని ఇంకెవరో అడిగారు.

డెల్ఫిన్ అరిచింది. అరుపు అటు పోదు.

కాసేపటికి ఫోన్ మీద ఒక వంకర వృత్తం పడింది, లోపల రెండు కళ్ళు. జోసెట్ ట్యాబ్లెట్‌తో ఆడుతోంది. డెల్ఫిన్ వంగి ముక్కుతో ఆ మొహానికి నవ్వు గీసింది. అవతల పాప కిలకిల నవ్వింది. మూడో అంతస్తు, అద్దాల గది అని రాద్దామనుకునేలోపు జోసెట్ మొత్తం తుడిచేసి పువ్వు వేసింది. ఆమె రాయడం, పాప తుడవడం. పూలు బాగానే వస్తున్నాయి.

చీకటి పడుతోంది. అందరూ క్షేమం. మీలో ఎవరికైనా ఎక్స్‌ఛేంజ్ పేట వైపు పనుంటే, దయచేసి ఒకసారి ఆ మూడో అంతస్తు ఎక్కి డెల్ఫిన్‌ని చూసి రండి. వెళ్ళేటప్పుడు కత్తెర పట్టుకెళ్ళండి.