పన్నెండు చెవులు

"నా గొర్లకే వచ్చిందంట సారూ రోగం! ఆయిన గొర్లకు తుమ్ము గూడ రాలే. రేపు పొద్దుగాలనే పంచాయితి. అవి లేకుంటె నేనెట్ల బతకాలె?"

నల్లగొండలో డిటెక్టివ్ రఘుపతి గదికి వచ్చిన సైదమ్మ కుర్చీలో కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతోంది. భర్త జానయ్యతో తెగతెంపులకు కులపెద్దలు ఒప్పుకున్నారు. పుట్టింటివారిచ్చిన పన్నెండు గొర్రెలు ఆచారం ప్రకారం ఆమెతోనే వెళ్లాలి. అవన్నీ చచ్చాయంటూ జానయ్య వాటి చెవులు కోసి చూపించాడు. ప్రతి చెవికీ సైదమ్మ పుట్టింటివారు గుర్తుగా పెట్టిన గంటు ఉంది. చచ్చిన గొర్రె చెవి చూపిస్తే గొల్లల్లో ఇక మారుమాట ఉండదు.

కేసు మొదలుకాకముందే ముగిసిందనుకున్నాడు సహాయకుడు దుర్గయ్య. రఘుపతి మాత్రం అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

హుజూర్‌నగర్ దగ్గరున్న తన ఊళ్లో జానయ్య చెవుల దండ తెచ్చి ముందు పడేశాడు. కోసిన అంచుల్లో వెంట్రుకలు నల్లటి నెత్తురుతో అట్టకట్టి ఉన్నాయి. జానయ్య చేతుల నుంచి వేపనూనె, పసుపు కలిసిన వాసన దుర్గయ్య ముక్కుకు తగిలింది.

"తోళ్లేవి?" అన్నాడు రఘుపతి.

"పాతిపెట్టిన సారూ. రోగపు తోళ్లు ఎవడు కొంటడు?"

"చెవులెప్పుడు కోసినవు?"

"సచ్చి సల్లవడ్డంక. బతికున్నదాని చెవి కోస్తరా ఎవరన్న? గింత గూడ తెల్వదా మీకు?"

"నీ తమ్మునికి గూడ మంద ఉన్నదని సైదమ్మ చెప్పింది. యాడ మేపుతున్నడు?"

జానయ్య చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "ఏటి ఒడ్డుకు."

రఘుపతి దుర్గయ్య చెవిలో ఏదో చెప్పి అటు పంపాడు.

మర్నాడు పెద్దలంతా చావిడి ముందు కూర్చున్నారు. జానయ్య మాటిమాటికీ దారివైపు చూస్తున్నాడు.

"చచ్చి చల్లబడిన గొర్రె చెవి కోస్తే ఇంత నెత్తురు కారదు," అన్నాడు రఘుపతి, దండ ఎత్తి చూపుతూ. "ఇవి బతికున్న గొర్రెల చెవులు. ఒక్క కోతతో చావుకు సాక్ష్యం దొరికింది, సైదమ్మ పుట్టింటి గుర్తూ పోయింది. పుండ్లకు ఈగలు ముసరకుండా వేపనూనె, పసుపు పూశాడు. చెవి తెగినవాటిని సొంత మందలో ఉంచుకోలేడు కదా, తమ్ముడి మందలో కలిపాడు."

అంతలో దుర్గయ్య గొర్రెలను తోలుకొచ్చాడు. పన్నెండింటికీ ఒక్కో చెవే ఉంది. తెగిన చోట పసుపు మెత్తి ఉంది.

"నోరులేని జీవాల చెవులు గోసినవారా? థూ!" అన్నాడు కులపెద్ద మైసయ్య. పెద్దాయన సైదమ్మ వైపు తిరిగాడు. "గొర్లు దొరికె గద బిడ్డా. తెగతెంపుల సంగతి ఇంకొక్కసారి ఆలోచన చెయ్యరాదు?"

సైదమ్మ మెడలోని పుస్తె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నాయి నాకచ్చినయి పెద్దయ్యా. ఆయినది ఆయినకియ్యి."