మూడు పద్దెనిమిదులు

"ఏమైంది? ఏమైందండీ?"

కాజ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు టప్పుమని వినపడింది. జనమంతా ఒక్కసారిగా గోలెత్తారు. అతని కళ్ల ముందున్నది మాత్రం రంగు పెచ్చులూడిన ఇనప స్తంభం ఒక్కటే.

"పావురం," అంది పక్క సీట్లో అమ్మాయి, చాలా మామూలుగా.

"ఆఁ?"

"బంతి పైకి లేచిందా, పావురం వచ్చి నోట కరుచుకుని పోయింది. ఔటివ్వాలో వద్దో తెలీక అంపైరు ఆకాశంకేసి చూస్తూ తల గోక్కుంటున్నాడు."

కాజ్ నోరు తెరిచాడు. మర్నాడు స్టీలు మిల్లులో కొలిమి దగ్గర నలుగురినీ పోగేసి, కళ్లారా చూసినట్టే చెప్పాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి అతని పేరు పావురం అయిపోయింది. సాయంత్రం మేస్త్రీ కూడా, "ఏరా పావురం, గూటికెళ్లవా?" అన్నాడు.

హార్లన్ పోర్టులో మిల్ స్ట్రీట్ బేస్‌బాల్ మైదానం అలాంటిది. తాతల నాటి కట్టడం. పైన రేకుల కప్పు, దాన్ని మోయడానికి మనుషుల మధ్యలోనే స్తంభాలు. వాటి లావు గురించి ఊళ్లో కథలుండేవి. ఒకాయన పెళ్లికాకముందు స్తంభం వెనక సీటు కొనుక్కుని, మనవడు పుట్టాక గానీ ఆ రోజు స్కోరెంతో తెలుసుకోలేదట. నమ్మినవాళ్లు నమ్మండి.

మరుసటి ఆదివారం కాజ్ కొట్లాటకి సిద్ధపడే వచ్చాడు.

"మీ పేరేంటండీ?"

"ఇరేనా."

"నా పేరేంటో తెలుసా? పావురం! అంతా మీ చలవే. బంగారంలాంటి కాజిమిర్ అనే పేరుండేది నాకు."

"అయ్యో, పావురమే నయం," అంది ఇరేనా. "పిలవడానికి తేలిక."

ఆమెకి అటువైపు కూర్చున్న ముసలాయన పకపకా నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గులోకి దిగింది. ఎంతకీ ఆగలేదు. ఇరేనా నవ్వు మానేసి తండ్రి వీపు రాస్తూ కూర్చుంది. ఆండ్రెయ్ ముసలాయన జీవితమంతా కొలిమి ముందు నిలబడ్డాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంది.

"ఏమయ్యా అబ్బాయ్," అన్నాడాయన గుక్క తిప్పుకుని. "నీకు బ్యాటు పట్టినవాడు కనపడడు. మా అమ్మాయికి బంతి విసిరేవాడు కనపడడు. సగం నువ్వు చెప్పు, సగం అది చెబుతుంది. ఇద్దరికీ కలిపి ఒక ఆట అవుతుంది."

"అబద్ధాలు లేకుండా చెప్పమనండి పెద్దాయనా."

"మనవాళ్లు గెలుస్తుంటే లేకుండానే చెబుతా," అంది ఇరేనా. "ఓడిపోతుంటే మాత్రం తప్పదు."

ఊరి జట్టు స్టోకర్స్ ఎప్పుడూ ఓడిపోతూనే ఉండేది. కాబట్టి ఆ తర్వాతి రెండేళ్లూ కాజ్ విన్నన్ని అబద్ధాలు లోకంలో ఏ కుర్రాడూ విని ఉండడు. వాన పడితే రేకుల మీద తప్పెటలు మోగినట్టుండేది. ఉన్న ఒక్క చిల్లూ సరిగ్గా కాజ్ నెత్తిమీదే. "ఇటు జరగండి, ఇక్కడ చోటుంది," అనేది ఇరేనా. జరిగితే స్తంభం ఇంకా అడ్డమొచ్చేది. అయినా జరిగేవాడు. మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలియదు.

ఇరేనా వాళ్లిల్లు గేటుకి ఎదురుగానే. గడప దిగితే మైదానం. ఆయాసం ఎక్కువైన రోజున ముసలాయన కిటికీ పక్కన పడుకునేవాడు. జనం కేకలు విని, ఎవరు కొట్టారో, ఎవరు ఔటయ్యారో చెప్పేసేవాడు. ఇరేనా ఆట చూసి వెళ్లి సరిచూస్తే ఒక్కటీ తప్పయ్యేది కాదు.

ఆ ఊళ్లో ఎవరినీ ఏ వీధి మీది అని అడిగేవారు కాదు. మైదానంలో ఏ సెక్షన్ అని అడిగేవారు. పెళ్లికి పద్దెనిమిదివాళ్లొచ్చారు, శవాన్ని ఏడువాళ్లు మోశారు, ఇలాగే మాటలు. కుర్చీ నంబరే చిరునామా.

ఆ తర్వాత కబురొచ్చింది. ఊరి బయట పెద్ద రోడ్డు పక్కన కొత్త స్టేడియం కడతారట. ఒక్క స్తంభమూ ఉండదట. ఎక్కడ కూర్చున్నా బంతి మీది కుట్లు కూడా కనపడతాయట. కార్లు నిలపడానికి ఊరంత చోటట. అక్కడికి వెళ్లే రోడ్డు మిల్ స్ట్రీట్ మీంచే పోతుందట.

పాత మైదానంలో ఆఖరి ఆట. స్టోకర్స్ మర్యాదగా ఓడిపోయారు. జనం లేవడం లేదు. ఎవరో ఏడుస్తున్నారు. ముసలాయన కుర్చీ చేతిని నిమురుతూ అన్నాడు:

"కుర్చీ మారితే మారనీ అబ్బాయ్. నంబరు మారదు కదా. పద్దెనిమిదో సెక్షన్, పన్నెండో వరుస. ఏప్రిల్లో మొదటి ఆట. మేం అక్కడే ఉంటాం."

"నేనూ అక్కడే ఉంటా పెద్దాయనా. మీతో ఒక మాట మాట్లాడాలి కూడా."

"ఏం మాట?" అంది ఇరేనా, అమాయకంగా మొహం పెట్టి.

"ఏప్రిల్లో చెబుతా. నీకు కాదు, మీ నాన్నకి."

"పావురం గురించా?"

"ఆఁ. గూడు కట్టుకోవడం గురించి."

ఇరేనా చెవులు ఎర్రబడ్డాయి. ముసలాయన ఏమీ విననట్టు మైదానంకేసి చూస్తూ, మీసాల చాటున నవ్వుకున్నాడు.

చలికాలం మంచిగా రాలేదు. మిల్లులో ఒక కొలిమి ఆర్పేశారు. దాంతోపాటు కాజ్ ఉద్యోగమూ ఆరిపోయింది. నది అవతల టైర్ల గోదాములో పని దొరికి, గది కూడా అటే మార్చాడు. ఆ సంగతి చెబుదామని మంచులో నడుచుకుంటూ మిల్ స్ట్రీట్‌కి వచ్చాడు. వీధి లేదు. ఇళ్లున్న చోట గుంటలు, గుంటల్లో నల్లటి నీళ్లు. "వాళ్లా? ఎవరో చుట్టాల దగ్గరికెళ్లారు," అన్నాడు బుల్డోజరు మీది మనిషి.

పోనీలే, ఏప్రిల్ ఎంతలో వస్తుంది అనుకున్నాడు కాజ్.

ఏప్రిల్ వచ్చింది. గోదాములో తోటిపనివాడి కారెక్కి కొత్త స్టేడియానికి వెళ్లాడు. గుండ్రంగా, తెల్లగా, రాక్షసులు బోర్లించి మరిచిపోయిన సిమెంటు గంగాళంలా ఉంది. కారు నిలిపిన చోటి నుంచి గేటు దాకా నడిచేసరికి నిన్న గీసుకున్న గడ్డం మళ్లీ మొలిచిందని అక్కడికి వెళ్లిన ప్రతివాడూ చెబుతాడు. కాజ్ టికెట్ల కిటికీ దగ్గర, "పద్దెనిమిది, పన్నెండో వరుస," అన్నాడు. ఇచ్చారు.

నిజంగానే అడ్డం లేదు. అంతా కనిపించింది. బంతి విసిరేవాడి నుదుటి చెమట కూడా. పక్క కుర్చీలు రెండూ ఖాళీ.

ఆ ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ముసలాయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు మేలో. ఆమెకి ఇంకెవరైనా కుదిరారేమో అనుకున్నాడు జూన్‌లో. జూలైలో ఏమీ అనుకోవడం మానేశాడు. స్టోకర్స్ ఆ ఏడాది తలకి దెబ్బ తగిలినట్టు గెలవడం మొదలుపెట్టారు. పక్కన ఎవరూ అబద్ధం చెప్పేవాళ్లు లేక, కాజ్ ఆ గెలుపులన్నీ నోరు మూసుకుని చూశాడు.

సెప్టెంబరులో ఆఖరి ఆదివారం. మబ్బు పట్టి ఉంది. మొహం నిండా చెమటతో ఒక బొద్దు మనిషి వచ్చి కాజ్ ముందు నిలబడ్డాడు.

"లే బాబూ, అది నా సీటు."

"ఎలా అవుతుందండీ? పద్దెనిమిది, పన్నెండు. ఏప్రిల్ నుంచీ ఇక్కడే కూర్చుంటున్నా."

"ఏప్రిల్ నుంచీ నా సీట్లో కూర్చుంటే నీదైపోతుందా? నాదీ పద్దెనిమిది, పన్నెండే!"

సీట్లు చూపించే ముసలి ఉద్యోగి వచ్చాడు. రెండు టికెట్లూ చూసి, బొద్దు మనిషి వైపు తిరిగి నిట్టూర్చాడు.

"రోజూ ఇదే గొడవ నాకు. నాయనా, ఇక్కడ మూడు పద్దెనిమిదులున్నాయి. కింది అంతస్తులో ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి. నీది పైది. బయటికెళ్లి వేరే గేట్లోంచి పైకెక్కాలి."

"పాత దాంట్లో ఒకటే కదా ఉండేది!" అన్నాడు బొద్దు మనిషి.

"పాత దాంట్లో అన్నీ ఒకటే ఉండేవి," అన్నాడు ఉద్యోగి.

కాజ్ ఆ పై టికెట్టుకేసి చూశాడు. ముసలాయన ఎప్పుడూ చౌక సీట్లే కొనేవాడు. ఇక్కడ చౌక సీట్లన్నీ పైనే.

"అయ్యా, మీ టికెట్ నాకిచ్చి ఇది తీసుకోండి," అన్నాడు.

"పిచ్చా నీకు? ఇది మంచి సీటు."

"అవును. చాలా మంచి సీటు. తీసుకోండి."

పైకి మెట్లు లేవు. సిమెంటు వాలు దారి, చుట్లు చుట్లుగా. కాజ్ పరిగెత్తాడు. కొంచెం ఎక్కాక తనకే రొప్పు వచ్చి కటకటాలు పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ముసలాయన ఊపిరి. కటకటాలు వదిలి మళ్లీ ఎక్కాడు.

పైన గాలి మనిషిని తోసేస్తోంది. ఆటగాళ్లు చీమల్లా ఉన్నారు. ఆ ఎత్తులో మబ్బులు కూడా తలొంచుకుని పోవలసిందే. పన్నెండో వరుసలో నల్లకోటు వేసుకుని ఇరేనా ఒక్కతే కూర్చుని ఉంది. అటూ ఇటూ ఖాళీ.

"ఇరేనా!"

ఆమె తల తిప్పింది. చాలాసేపు చూసింది. నవ్వలేదు.

"పెద్దాయన ఏరీ?" అన్నాడు కాజ్, ఆమె పక్కకి చూస్తూ. "రాలేదా ఇవాళ? ఒంట్లో ఎలా ఉంది?"

"మాకు బస్సు ఆపే చోటు ఆ చివర," అంది ఇరేనా. ముందే చాలాసార్లు చెప్పుకున్నదాన్ని అప్పజెప్పినట్టు చెప్పింది. "అక్కడి నుంచి నడిచి, తర్వాత ఈ దారి ఎక్కాలి. ప్రతి ఆదివారం ఎక్కాడు. నేను వద్దంటే, అబ్బాయి మాట్లాడాలన్నాడే, ఇవాళ వచ్చి ఉంటాడు పద, అనేవాడు. జూన్‌లో ఒక రోజు మూడో మలుపు దగ్గర ఆగిపోయాడు. నువ్వు ముందెళ్లి చూడు, వచ్చాడేమో, ఊపిరి తీసుకుని వస్తా అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వచ్చాను. నువ్వు లేవు. తిరిగి వెళ్లేసరికి ఆయన కటకటాలకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జనం పక్కనుంచి ఎక్కిపోతున్నారు. నిద్రపోతున్నాడనుకున్నారట."

కాజ్ నిలబడలేక ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు.

"అప్పటి నుంచీ ఎందుకొస్తున్నానో తెలుసా?" అంది. "ఆటకి కాదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తావు కదా, నీ మొహం మీద ఒక్క మాట అనేసి వెళ్లిపోదామని."

"అను."

ఆమె నల్లకోటు దగ్గరికి లాక్కుని మొహం తిప్పుకుంది.

"నేను వచ్చాను ఇరేనా," అన్నాడు కాజ్ తల దించుకుని. "ఏప్రిల్లో మొదటి ఆట నుంచీ. పద్దెనిమిది, పన్నెండు. సరిగ్గా మీ కాళ్ల కింద. కింద ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి, మూడున్నాయట. నాకిప్పుడే తెలిసింది. గేట్లు వేరు, దారులు వేరు. నేనొచ్చే కారు ఆ పక్క, మీ బస్సు ఈ పక్క."

"అబద్ధం."

"నాకు అబద్ధం చెప్పడం రాదు. అది నీ పని."

ఇరేనా లేచి, వరుసలు దిగి అంచు దాకా వెళ్లింది. పిట్టగోడ మీదికి వంగి కిందికి చూసింది. సిమెంటు చూరు ముందుకి పొడుచుకొచ్చి ఉంది. దాని కింద ఏముందో పైవాళ్లకి కనపడదు, కిందివాళ్లకి పైన ఎవరున్నారో తెలియదు. అలాగే కట్టారు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. కింద ఎవరో బంతిని బలంగా కొట్టారు. వేలమంది అరిచారు. ఇక్కడికి వచ్చేసరికి అది దూరంగా కుళాయి కారినట్టు వినిపించింది.

వాన మొదలైంది. ఇక్కడ కప్పు లేదు. జనం లేచి దారుల్లోకి పరిగెత్తుతున్నారు. ఇరేనా తిరిగి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నాన్న నిన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు," అంది. "నేనే తిట్టాను. రోజూ."

"తిట్టు. ఇంకా తిట్టు. నేను ఒక్కసారైనా తలెత్తి అడిగి ఉండాల్సింది. నంబరు ఒకటే కదా అనుకున్నా."

"మేమూ అదే అనుకున్నాం."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, చిన్నపిల్లలా, ముక్కు ఎర్రగా చేసుకుని. కాజ్ చెయ్యి చాపబోయి ఆపుకున్నాడు. ఆమే ఆ చేతిని లాగి పట్టుకుంది.

"ఆయనతో ఏం మాట్లాడదామనుకున్నావు?"

"నీకు తెలుసు."

"తెలుసు. అయినా చెప్పు. ఆయన వినాల్సింది నేను వింటా."

వాన అతని మొహం మీంచి కారుతోంది. "మీ అమ్మాయిని నాకివ్వండి పెద్దాయనా అని," అన్నాడు కాజ్. "ఈ ఏడాది ప్రతి బంతీ చూశాను. ఒక్కటీ గుర్తులేదు. ఆమె పక్కన లేకపోతే నేను చూసింది చూసినట్టే ఉండదండీ అని."

వరుసలో వాళ్లిద్దరే మిగిలారు.

"ఏమంటారాయన?" అన్నాడు కాజ్ భయంగా.

"వానలో ఎందుకయ్యా, ఇంటికొచ్చి అడుగు, అంటాడు."

"ఇల్లెక్కడ?"

ఆమె ఉలిక్కిపడి చూసింది. ఆ రెండేళ్లూ, ఈ ఏడాదీ, వాళ్లలో ఒక్కరూ ఎవరినీ అడగని మాట అది.

"ఎల్మ్ వీధి. రొట్టెల కొట్టు పైన, మా అత్త దగ్గర. పక్క మెట్లు." మళ్లీ అంది: "కాజ్, నేనింక ఇక్కడికి రాను. ఎప్పటికీ."

"ఇక్కడికి రమ్మని ఎవరన్నారు?"

ఆ వాలు దారిలో ఇద్దరూ మెల్లగా దిగారు. మూడో మలుపు దగ్గర ఇరేనా ఆగింది. కాజ్ టోపీ తీశాడు. పక్కనుంచి జనం పోతూనే ఉన్నారు. ఈసారి ఇద్దరూ వాళ్లకి అడ్డంగా, కదలకుండా నిలబడ్డారు.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆట ఇంకా అవలేదు బాబూ. వాన తగ్గితే మళ్లీ ఆడతారు. ఒకసారి బయటికెళ్తే మళ్లీ లోపలికి రానివ్వం, ఆలోచించుకోండి."

"రానివ్వమని ఒట్టేసి చెప్పు," అంది ఇరేనా.

కాపలావాడికి ఏం అర్థమైందో గానీ చెయ్యి తీసేశాడు. బస్సు ఆగే చోటు చాలా దూరం. వానలో నడిచారు.