తనంతట తానే

ఆడపడుచు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆమె తల్లి కుర్చీలోంచి లేవలేక అవస్థ పడుతోంది. పక్కనే కోడలు చేతులు కట్టుకుని చూస్తోంది... చూస్తోందంతే!

సంచీ అక్కడే పడేసి ఆడపడుచు వదిన మీద విరుచుకుపడింది. వణుకుడు జబ్బు మనిషికి చెయ్యి అందించడం కూడా బరువైపోయిందా అంది. తల్లిని ఇవాళే తనతో తీసుకుపోతానంది. కోడలు ఏమని చెప్పుకుంటుంది? పార్కిన్సన్స్ అని తేలిన కొత్తలో అత్తగారిని కాలు కింద పెట్టనివ్వనిది తనే. లేపేది, కూర్చోబెట్టేది, నోటికి ముద్ద అందించేది. చివరికి ఆవిడ కాళ్లు బొత్తిగా మొరాయించాయి. అప్పుడొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది... జబ్బు ఎలాగూ ముదురుతుంది, ఉన్న సత్తువ వాడకపోతే అదీ పోతుంది, పక్కనే ఉండి కనిపెట్టుకోండి, పడబోతే తప్ప చెయ్యి వెయ్యకండి అని. అత్తగారూ అదే పట్టు పట్టింది. ఆనాటి నుంచీ కోడలు చేతులు కట్టుకుంది. కట్టుకోకపోతే అవి ఊరుకోవు మరి! ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో...

ఆడపడుచు తల్లి చంకల కింద చేతులు వెయ్యబోయింది.

"ఆగు."

ఒకప్పుడు పెద్ద టీచరుగా బడి ఆటస్థలం చివరిదాకా వినిపించిన అత్తగారి గొంతు అది. జబ్బుతో గుసగుసగా మారితే, దానికీ రోజూ గట్టిగా పలికే సాధన చేయిస్తున్నారు. ఇవాళ ఇల్లంతా వినబడింది.

"మీ వదినను ఏమీ అనకు. సాయం వద్దన్నది నేనే. పక్కకు జరుగు."

ఆవిడ కుర్చీ అంచుకు జరిగింది. పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు బాగా వంగి, కుర్చీ చేతుల మీద బలమంతా వేసింది. సగం లేచి మళ్లీ కూలబడింది. కోడలు ఊపిరి బిగబట్టింది. ఆవిడ మళ్లీ వంగింది... లేచింది! ఒళ్లంతా ఊగుతూనే నిటారుగా నిలబడింది. నేర్పినట్టే పెద్ద పెద్ద అడుగులు వేస్తూ కోడలి దగ్గరికి నడిచి, వణికే చేత్తో చెంప నిమిరింది.

"నేను లేవడం కంటే నువ్వు చూస్తూ ఊరుకోవడమే కష్టం. నాకు తెలుసమ్మా."

కోడలు దిగమింగుకున్న ఏడుపంతా ఒక్కసారిగా పొంగింది. ఆడపడుచు వదినను కావలించుకుని, తెలియక నోరు జారానంది. ఇద్దరూ ఏడుపు ఆపకపోతే ఆవిడ విసుక్కుని, తన బూట్లు తెమ్మంది.

ఆ సాయంత్రం ముగ్గురూ వీధిలోకి బయలుదేరారు. మధ్యలో ఆవిడ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఎదురింటావిడ ఆశ్చర్యంగా చూస్తుంటే గొంతెత్తి చెప్పింది.

"మా అమ్మాయి వచ్చింది. వీధి చూపిద్దామని తీసుకొచ్చాను."