రాతి పిడికిలి

గవరమ్మ భయమల్లా ఒక్కటే: ఏడాదిన్నర కూతురు చిన్నాలు రాయైపోతుందేమోనని.

కొమ్ముకొండ రాజ్యంలో పరాయి సొమ్ము తీసినవాళ్లు నిలుచున్నచోటే రాయైపోతారు. ఆ శాపాన్ని జనమే కోరి తెచ్చుకున్నారు. కత్తుల గండన్న అనే బందిపోటు ధాన్యపు కొట్లు తగలబెట్టి ఏడుగురిని చంపాడు. వారిలో గవరమ్మ తండ్రి ఒకడు. రాజుగారు శిలాక్షుడనే రాక్షసుణ్ణి పిలిపించి రక్ష కోరారు. "చిన్న దొంగకైనా పెద్ద దొంగకైనా ఒకటే శిక్ష. సమ్మతమేనా?" అని వాడు సభలో అడిగితే అందరూ చేతులెత్తారు. నిండు చూలాలైన గవరమ్మ కూడా ఎత్తింది.

గండన్న రాయైన రోజు ఊరంతా పండగే. ఆ తరువాత పొరుగింటి ముసలి అప్పాయమ్మ, పక్కవాళ్ల పాదున ఒక్క ఆనపకాయ కోసి, వంగిన నడుముతోనే రాయైంది. ఇప్పుడు చిన్నాలుకు నడక వచ్చింది. కనిపించినదల్లా లాక్కుంటుంది.

"దీని చేతులు ఎన్నాళ్లని కట్టేస్తాను అత్తా," అని అత్తగారితో చెప్పి, బిడ్డను వీపున కట్టుకుని గవరమ్మ శిలాక్షుడి గుహకు అడవి దారి పట్టింది.

దారి ఇవ్వడానికి వాగులో మొసలి ఆమె జుట్టు అడిగింది. కోసి ఇచ్చింది. కొండ మలుపులో పులి మూడు రోజుల నిద్ర అడిగింది.

"ఇది పుట్టినప్పటినుంచి నా దగ్గర లేనిదే అది, పులిబాబూ," అంది గవరమ్మ. పులి నవ్వి తప్పుకుంది.

గుహలో ఆమె శాపం తీయమని వేడుకుంటే, శిలాక్షుడు ఆమె మొహంలోకి వంగి చూశాడు. "శాపం తీస్తే గండన్న కూడా లేస్తాడు. లేవమంటావా?"

ఆమె వీపు మీది బిడ్డను ముందుకు తిప్పుకుని హత్తుకుంది.

"నాకు గట్టిగా పట్టుకోవడమే వచ్చు, తూచడం రాదు. చెయ్యెత్తినప్పుడు నువ్వూ తూచమని అడగలేదే," అన్నాడు శిలాక్షుడు.

అంతలో చిన్నాలు అతని మెడలో వేలాడే పూసల దండ లాగింది. పిడికిలి నల్లరాయైంది. గవరమ్మ ఊదింది, రుద్దింది, కొంగుతో చుట్టింది. రాయి మోచేతి వైపు పాకుతూనే ఉంది.

"తీస్తే అందరికీ తీయాలి. ఒక్కరి దగ్గర ఆపడం నాకూ తెలియదు," అన్నాడు రాక్షసుడు.

"ఎందుకు తీసిందో దాన్నే ఒక్కసారి అడుగు తండ్రీ. ఇంతవరకు ఎవరినీ ఎవరం అడగలేదు," అంది గవరమ్మ.

దిక్కుతోచక శిలాక్షుడు అడిగాడు. "ఎందుకు తీశావే గుంటా?"

చిన్నాలు దండను అతని నోటికి అందించి, "ఆం తిను," అంది.

రాయి ఆగింది. మెల్లగా మెత్తబడి మళ్లీ చెయ్యైంది.

గవరమ్మ తిరిగివచ్చి అప్పాయమ్మను అడిగింది. "ఆకలేసిందే. కోడలు పెట్టలేదు," అంది రాయి. ముసలమ్మ నడుము కదిలింది. ఆ పాదుకు పది రోజులు నీళ్లు పోసి తప్పు తీర్చుకుంది. గండన్ననూ అడగాల్సిందేనని పట్టుబట్టి, గవరమ్మే అతని ఎదుట నిలబడింది. "మళ్లీ తగలబెడతాను," అన్నాడతను. రాయిగానే ఉండిపోయాడు. ప్రతి రాయినీ అడగాలని, ఏటేటా అతన్ని కూడా అడగాలని రాజుగారు శాసనం చేసి, ఆ పనికి గవరమ్మనే పెద్దను చేశారు.

అయినా ఆమె గుండె కుదుటపడలేదు. రాళ్లు వేలు, కాళ్లు రెండు. పొలిమేర అవతల తుమ్మల మధ్య, చంకలో చెప్పుల జత పెట్టుకున్న రాయి ఒకటుంది. ఎవరి మనిషో తెలియదు. పిల్లలూ, అటు పోతే కాస్త దగ్గరకు వెళ్లి చూడండి. ఎందుకు తీశావయ్యా అని అడిగి, చెప్పేదాకా ఉండండి.