చేతులమ్మ

పొద్దున్నే అక్క కుట్టుమిషనుకి నూనె వేసి, పాతగుడ్డ ముక్క మీద నాలుగు వరసలు కుట్టి, మరకలు అంటడం లేదని తేల్చుకుంది. తర్వాత సబ్బుతో చేతులు రెండుసార్లు తోముకుంది. గోళ్ళ సందుల్లో నూనె నలుపు కనిపిస్తే చెల్లెలు ఊరుకోదు. క్లాసు తొమ్మిదింటికి. అక్క ముఖం కడుక్కుందో లేదో అడిగేవాళ్ళు మాత్రం ఆ ఇంట్లో లేరు. మూడేళ్ళుగా ఆవిడ ముఖంతో ఎవరికీ పని పడలేదు.

ఆ క్లాసు సంగతి ముందు చెప్పాలి. ఒక శిక్షణ సంస్థ ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళకి వీడియోలో కుట్టుపని నేర్పిస్తోంది. వారానికి ఐదు రోజులు, అరవై మంది. వాళ్ళకి తెర మీద రెండు గళ్ళు కనిపిస్తాయి. పెద్ద గడిలో బట్ట మీద పనిచేసే రెండు చేతులు, మూలనున్న చిన్న గడిలో నవ్వుతూ వివరించే టీచరు ముఖం. చేతులు అక్కవి, ముఖం చెల్లెలిది. చూసేవాళ్ళు మాత్రం రెండూ ఒక్క మనిషివే అనుకోవాలి.

మొదట్లో ఇంత మోసం లేదు. ఈ అరవై మందీ చేరకముందు, మొదటి ఏడాది ఉన్నదల్లా ఒక్క ఫోను. కిటికీ తెర వేలాడే కడ్డీకి దాన్ని నాడాతో కడితే గాలికి ఊగేది, చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేవి. బొమ్మ మాటిమాటికీ బిగుసుకుపోయేది. సూది బట్టలోకి దిగుతుండగా ఆగిందంటే, మళ్ళీ కదిలేసరికి గుండీ కాజా సగం కుట్టడం అయిపోయి ఉండేది. "మేడమ్, ఆగిపోయారు" అని అందరూ ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళు. అయినా ఆ ఊగే బొమ్మలో అక్క మొత్తం మనిషి పట్టేది.

ఏడాది తిరిగాక, కుట్టేదాన్ని మాటల్లో వివరించమని సంస్థవాళ్ళు అన్నప్పుడే చిక్కంతా వచ్చింది. ఐదో తరగతితో బడి మానేసి మిషను తొక్కిన మనిషి కెమెరా ముందు గుటకలు మింగింది. అప్పటికి బళ్ళో టీచరు ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న చెల్లెలు పక్కన చేరి, "నువ్వు కుట్టు అక్కా, మాటలు నేను చెప్తాలే" అంది. అక్కకి ప్రాణం లేచొచ్చింది. అది నిజం, ఇప్పుడు కాదంటే కుదరదు.

ఆ తర్వాత లాప్‌టాప్ వచ్చింది, పైనుంచి చూసే రెండో కెమెరా వచ్చింది. కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ బొమ్మ తేటపడింది, అక్క తరిగిపోయింది. ముఖం పోయింది, భుజాలు పోయాయి, మణికట్ల దాకా మిగిలింది. నేర్చుకునేవాళ్ళని చిన్న గుంపులుగా విడదీసి ఒక్కొక్కరి కుట్టూ దగ్గరగా చూసే ఏర్పాటు వచ్చాక, తప్పులు పట్టుకోవడం కూడా అక్క పనే అయింది. కెమెరాకి అందకుండా కూర్చుని, చీటీ మీద రాసి చెల్లెలికి చూపించేది. చెల్లెలు అప్పుడే కనిపెట్టినట్టు చెప్పేది. ఈ మధ్య మాట్లాడిన మాటలు వాటంతటవే తెర అడుగున అక్షరాలై పడుతున్నాయి. అక్క చేతుల కింద చెల్లెలి పేరు, చెల్లెలి మాటలు.

ఆ రోజు క్లాసు మామూలుది కాదు. ముఖ్యమైన పాఠాలు రికార్డు చేసి ఉంచుకుంటామనీ, ఇకమీదట ఎంతమంది చేరినా అవే చూపిస్తామనీ, టీచరు పేరు వాటి మీద శాశ్వతంగా ఉంటుందనీ సంస్థ ఎప్పుడో రాసింది. అలా ఎంచిన నలభై పాఠాల్లో ముప్ఫై తొమ్మిది అయ్యాయి. మిగిలింది చేత్తో కుట్టే కాజా. దాన్ని చూడటానికి సంస్థ పెద్దలు ఇద్దరు కూడా వస్తారు. అదొక్కటీ అయిపోతే అక్క చేతులతో కూడా పనుండదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మూడో మనిషి చెల్లెలి మొగుడు. చెడ్డవాడేం కాదు. వైర్లు తగిలించడం, గొడవ మొదలయ్యేలోపు చల్లగా జారుకోవడం, రెండూ అతనికి బాగా వచ్చు. ఆ పొద్దున హాల్లో పెద్ద టీవీలో నిన్నటి పాఠం వేసి, "వదినా, ఓసారి ఇలా రండి, ఎంత బాగా వచ్చిందో" అని పిలిచాడు. అక్క ఎప్పుడూ తన పాఠాలు చూసుకోలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

తెర మీద రెండు చేతులు కాలరు తిప్పి కుడుతున్నాయి. నున్నటి చేతులు. నరాలు లేవు, ముడతలు లేవు. అక్క దగ్గరికి వెళ్ళి కళ్ళు చికిలించింది. ఎడమ చూపుడువేలి గోరు నిండుగా, బాదంగింజలా మెరుస్తోంది.

"ఎవరి చేతులివి?"

"మీవే వదినా."

"నావి కావు. నా గోరేది?"

అక్క ఎడమ చూపుడువేలి గోరు నడిమికి చీలి ఉంటుంది. పదిహేనేళ్ళప్పుడు చీలింది, ముప్ఫై ఐదేళ్ళుగా అలాగే రెండు ముక్కలుగా పెరుగుతోంది. అతను టీవీ వంకా గది వంకా చూసి, వైరేదో తేవాలని లోపలికి నడిచాడు. అతనికి ఎదురుగా చెల్లెలు పౌడరు అద్దుకుంటూ వచ్చింది.

విషయం విని తేలిగ్గా తీసిపారేసింది. చర్మాన్ని నున్నగా చూపించే సదుపాయం ముఖానికని పెడితే చేతులకీ పట్టిందంది. అక్క కదలకపోయేసరికి అసలు మాట బయటికొచ్చింది. చేతులు ముసలివాటిలా ఉన్నాయనీ, ముఖానికి అతకడం లేదనీ సంస్థ వాళ్ళన్నారట. అందుకని మొదటి పాఠం నుంచీ అన్నీ మార్పించిందట.

"పాతవి ఉన్నాయా?" అంది అక్క.

"లేవు. చెరిపేశారు." చెల్లెలు గడియారం చూసుకుంది. "ఇప్పుడా అక్కా ఈ గోల? గోరు కనిపిస్తే ఏంటి, కనిపించకపోతే ఏంటి?"

"ఆ గోరెలా చీలిందో గుర్తుందా నీకు?"

"మిషను సూది దిగింది. చిన్నప్పుడు."

"ఊరికే దిగలేదు. అమ్మ పోయిన ఏడాది. నీ బడి తెరిచే రోజు. నీ కొత్త చొక్కాకి చివరి కుట్టు వేస్తున్నా. ఆలస్యమైపోతోందని నువ్వు నా చెయ్యి పట్టుకుని లాగావు. సూది గోట్లో దిగి అటువైపుకొచ్చింది. అప్పుడు నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. ఎందుకేడ్చావో చెప్పు."

 చెల్లెలికి గుర్తుంది. ఇన్నేళ్ళూ గుర్తున్నది వేలు కాదు.

"చొక్కా మీద మరక పడిందని," అంది చివరికి, నేల చూస్తూ.

"వేలికి గుడ్డ చుట్టుకుని ఆ మరక ఉతికి, చొక్కా నీకు తొడిగి బడికి పంపాను. నీ మరక నేను పోగొట్టా. నా మరక నువ్వు పోగొట్టావు. సరిపోయింది."

చెల్లెలికి ఉక్రోషం ముంచుకొచ్చింది. తప్పు దొరికినప్పుడు వచ్చే ఉక్రోషం మహా గట్టిది. నోరు పెగలక చేతులెత్తేసింది ఎవరని అడిగింది, మూడేళ్ళు గొంతు పోయేలా చెప్పింది తనేనంది. తను లేకపోతే ఈ క్లాసు ఎక్కడిదంది.

"చెప్పావు," అంది అక్క నెమ్మదిగా. "సూదిలో దారం ఎక్కించడం వచ్చా నీకు?"

 అక్క మిషను దగ్గరికి వెళ్ళలేదు, గది మూలనున్న కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

తొమ్మిదైంది. తెర మీద అరవై గళ్ళు తెరుచుకున్నాయి. సంస్థ పెద్దలవి రెండు నల్లటి గళ్ళు, ముఖాలు లేవు. చెల్లెలు నమస్కారం చెప్పి, చేతి కాజా గురించి నాలుగు మాటలు చెప్పి, వెనక్కి చూసింది. అక్క కదల్లేదు. పెద్ద గడిలో ఒట్టి బట్ట పరిచి ఉంది. ఇంకో రెండు మాటలు చెప్పింది. ఆ పైన మాట రాలేదు. మూడేళ్ళ కింద అక్క మింగిన గుటకలే ఇప్పుడు ఆమె మింగింది.

అప్పుడు తెర పక్కన ఎవరో రాశారు. చెల్లెలు అలవాటు కొద్దీ పైకి చదివేసింది.

"చేతులమ్మకి ఒంట్లో బాగాలేదా మేడమ్?"

 చేతులమ్మ ఎవరని అడిగింది. జవాబులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాళ్ళలో వాళ్ళు అలాగే పిలుచుకుంటారట. మొదటి నెలలోనే తెలిసిపోయిందట. మేడమ్ దారం లాగమనేలోపే ఆవిడ లాగేసేవారట, మేడమ్ దగ్గినా ఆ చేతులు కదిలేవి కావట. మరి ఈ మధ్య ఆ చీలిన గోరు ఏమైందని ఒకామె అడిగింది.

మూల నుంచి అక్క గొంతు వినిపించింది. "తెలుసా? మూడేళ్ళు తెలిసి కూడా ఒక్కరూ అడగలేదా?"

"అడిగితే క్లాసు ఆపేస్తారేమోనని భయం అమ్మా," అందొకామె. పక్క గళ్ళలో కొందరు తలలు దించుకున్నారు. దాచినవాళ్ళలాగే చూసినవాళ్ళు కూడా ఊరుకున్నారని అక్కకి ఆ రోజే తెలిసింది. అందులో సంతోషపడటానికి ఏమీ లేదు.

చెల్లెలు నున్నగా చూపించే ఆ సదుపాయం తీసేసింది. ఆమె కళ్ళ కింది నలుపు అరవై మందికీ కనిపించింది. పై కెమెరాని వెనక్కి వంచి, మిషను, పక్కపక్కన రెండు కుర్చీలు అందులో పట్టేలా చేసింది. సంస్థవాళ్ళ గళ్ళలో ఒకటి మాయమైపోయింది. ఆమె అటు చూడలేదు.

"రా అక్కా," అంది కళ్ళొత్తుకుంటూ. "తప్పు చేశా."

అక్క వచ్చింది. ఆ మాటకి కరిగి కాదు, అరవై మంది బట్టా సూదీ పట్టుకుని కూర్చున్నారని వచ్చింది. రోజూ క్లాసుకి ముందే ఆరు సూదులకి దారం ఎక్కించి పెట్టుకునేది. ఆ రోజు ఒక్కటీ ఎక్కించలేదు. సూది, దారపు ఉండ చెల్లెలి ముందుకి జరిపింది.

"ఏడుపు తర్వాత. ఎక్కించు."

చెల్లెలి చేతులు కెమెరా ముందుకి రావడం అదే మొదలు. దారం కొస చీలి పక్కకి పోయింది. రెండోసారీ పోయింది. నాలుగోసారికి సూదే చేజారింది. అరవై మంది చూస్తున్నారు. అక్క సాయం చెయ్యకుండా చాలాసేపు చూసింది. ఆ తర్వాత చీలిన గోరున్న చెయ్యి చాపి చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"తొందరపడకు. తొందరపడితే ఏమవుతుందో నా వేలు చూడు."

ఆ క్లాసులో అక్క చెప్పిన మొదటి పాఠం అది. మాటలు తెర అడుగున అక్షరాలై పడ్డాయి. పక్కన పేరు మాత్రం చెల్లెలిదే పడింది.

ఇద్దరూ చూశారు. చెల్లెలికి ఏడుపు ఆగలేదు. సూది బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకోకుండానే తన పేరు చెరిపి అక్క పేరు కొట్టింది. దాచిపెట్టిన ముప్ఫై తొమ్మిది పాఠాల్లో ఆ పేరు లేదు, ఇక ఉండదు కూడా. అక్క దాన్ని కూడబలుక్కుని చదువుకుంది.  సూది తీసి మళ్ళీ చెల్లెలి వేళ్ళ మధ్య పెట్టింది.

"ఇప్పుడు ఎక్కించు," అంది.