సేంత్ మార్త్ నుంచి ఇద్దరు

ఉదయం తొమ్మిదింటికి ఆ ముసలి ఫ్రెంచివాడి కుడిచేతిని టేబుల్ మీద పరిచి, మణికట్టు దగ్గర తాడు బిగించాడు కానిస్టేబుల్ కట్టయ్య. ధర్మసాగర్ కట్ట కింద ఎవరూ వాడని ఎరువుల గోదాం అది. ఇనుప షట్టర్ దించితే లోపల ఎంత మొత్తుకున్నా బయట మేకలు కూడా తల తిప్పవు.

ఎదురుగా ఏజెంట్ రుహీ. ఒళ్లో నలభై పేజీల ఫైలు, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్. అందులో చీఫ్ ఓంప్రకాశ్ గొంతు హైదరాబాద్ నుంచి గరగరలాడుతోంది.

"మళ్లొకసారి చెప్తాన్న, మంచిగ విను. పదకొండు గంటలకు కట్ట మీద ఫంక్షన్. సేంత్ మార్త్ అని ఫ్రాన్స్‌ల ఒక చిన్న పల్లె. దానికీ ధర్మసాగర్‌కూ దోస్తీ ఒప్పందం. వాళ్ల డిప్యూటీ మేయర్ అర్మాన్ పెలిసియే నిన్ననే వచ్చి హన్మకొండ హోటల్ల దిగిండు. పాస్‌పోర్టు పక్కా. పొద్దుగాల కాజీపేట స్టేషన్ల ఇంకొకడు దిగి, నేనే అర్మాన్ పెలిసియే అంటాండు. పాస్‌పోర్టు లేదు, బ్యాగు లేదు. ఢిల్లీల ఎవరో చాయ్‌ల మందు కలిపి దోచుకున్నరట."

"అంటే ఇద్దర్ల ఒకడు మనం ఎతుకుతున్న ముఠా మనిషి."

"ఒకడేంది, నీ ముందల కూసున్నోడే! పద్మలత పక్కా ఖబర్ ఇచ్చింది. ఇయ్యాల చెరువుల విషం కలుపుతరు. వరంగల్ అంతా తాగే నీళ్లవి. విషం యాడ దాచిండో కక్కించు."

పద్మలత అంటే సామాన్యురాలు కాదు. ముఠాలో ఉంటూ ఇటు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె పట్టుచీరలు చూసి సగం డిపార్ట్‌మెంట్ మతి పోగొట్టుకుంది. మిగతా సగం ఆమె రిపోర్టులు నమ్మి పోగొట్టుకుంది.

"వాళ్ల ఊరికే ఫోన్ చేస్తే అయిపోతది గద సార్."

"చేసిన. వాళ్ల ఆఫీసు మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం పూటనే తెరుస్తరట. ఇయ్యాల బుధవారం. ఫైల్ల ఆ ఊరి ప్రశ్నలున్నయ్, తప్పు జవాబుకు ఒక వేలు. షురూ చెయ్."

రుహీ ఫైలు తెరిచింది. ఐదు ప్రశ్నలు. విదేశీ అతిథి ఎవరొచ్చినా చేసే తనిఖీలో భాగంగా నిన్న సాయంత్రం హోటల్లో ఇంటర్‌ప్రిటర్ వేషంలో ఇవే ఐదూ మాటల్లో పెట్టి అడిగితే, ఆ మొదటి పెలిసియే ఒక్కటి తప్పకుండా చెప్పాడు. నవ్వుతూ, కాఫీలో చక్కెర కలుపుకుంటూ చెప్పాడు.

"మీ ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తు?" ఫ్రెంచిలో అడిగింది.

ముసలాడు వెర్రిముఖం వేశాడు. "ఎత్తా? మాకు కొండే లేదు. ఓ వంద మీటర్లు?"

ఫైలు ప్రకారం రెండువందల ఎనభై ఒకటి. రుహీ తల ఊపింది. కట్టయ్య చిటికెనవేలు వెనక్కి వంచాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ముసలాడి అరుపు రేకుల్ని తాకింది.

"వైశాల్యం?"

"నాకేం తెలుసు! పొద్దున సైకిలెక్కితే చెరువులన్నీ చుట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాను."

ఉంగరపు వేలు.

"జనాభా?"

ఏడుస్తూనే లెక్కపెట్టాడు. మోనిక్ ఇంట కవలలు పుట్టారు, పోస్ట్‌మన్ తండ్రి పోయాడు, మిల్లు వెనకింటి వాళ్లు లియాన్ వెళ్లిపోయారు. మూడువందల తొంభై ఆరు, అన్నాడు. ఫైలులో నాలుగువందల పన్నెండు. మధ్యవేలు.

"చర్చి గంటగోపురం ఏ సంవత్సరంలో కట్టారు?"

"అది ఎప్పుడూ ఉంది! గంట పగిలింది మాత్రం నా పెళ్లినాడు."

చూపుడువేలు. ఈసారి అరవలేదు, తల టేబుల్ మీద వాల్చేశాడు. కట్టయ్య నుదుటి చెమట తుడుచుకుని, రుహీ వైపు చూడకుండా గొణిగాడు.

"నాకు సమజైతలేదు మేడం. ఊరెంత ఎత్తున్నదో ఎవనికి ఎరుక? మా రఘునాథపల్లి ఎత్తెంతరా అంటే నాకూ ఒక్క వేలు మిగలదు."

రుహీ అయిదో ప్రశ్న అడగబోయి ఆగిపోయింది. తనది వర్ధన్నపేట. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఎత్తెంత? వైశాల్యమెంత? మసీదు మినారు ఏ ఏడు కట్టారు? ఛీ, ఒక్కటీ రాలేదు. ఏ ఇంట్లో ఏ పిల్ల ఎవడితో పోయిందో అడిగితే మాత్రం పొద్దుగూకేదాకా చెప్పగలదు. హోటల్లో మనిషికి మీటర్లతో సహా అన్నీ వచ్చు. వాడు ఊళ్లో పుట్టినవాడు కాదు. తనలాగే ఫైలు బట్టీ కొట్టినవాడు.

ఫైలు కింద పడేసింది. "పెలిసియే గారూ, మీ చెరువుల సంగతి చెప్పండి. ఏదైనా సరే."

"ఏం చెప్పమంటావ్, రాక్షసీ!" తల ఎత్తి ఉమ్మేశాడు. "మూడేళ్లకోసారి తూము తెరిచి నీళ్లన్నీ వదిలేస్తాం. చేపలు పట్టి, అడుగంతా దున్ని, ఓట్స్ చల్లుతాం. నీళ్లు ఒకడివి, అడుగునేల ఇంకొకడిది. మా తాత తూము ఒక్క వారం ఆలస్యంగా తెరిచాడని, ఆ అడుగునేల దున్నే రూసే వాళ్లు మాతో అరవై ఏళ్లు మాట్లాడలేదు. నా పెళ్లికి కూడా రాలేదు, కుక్కలు!"

రుహీ ఆ మాటలు తెలుగులో చెప్పగానే కట్టయ్య కళ్లు పెద్దవయ్యాయి.

"అరే, శిఖం భూమి పంచాయితీ! నీళ్లు గుంజినంక చెరువుల ఎవడు దున్నాలె అని మా ఊళ్లె గూడ గిదే లొల్లి. మా పెదనాయన తల పగిలింది గిదే లొల్లిల. ఈయన అసలు మనిషి మేడం! అయ్యయ్యో, ఏం పని చేస్తిమి!"

గబగబా తాడు విప్పేశాడు. టైం పదీ యాభై.

"సార్, అసలాయన ఈయనే. పద్మలత మనల్ని అమ్మేసింది."

ఇయర్‌పీస్‌లో ఓంప్రకాశ్ మండిపడ్డాడు. "నాలుగు వేళ్లు విరిచినంకనా చెప్తవు? ప్రూఫ్ ఉన్నదా?"

"తెస్త," అంటూనే రుహీ కట్ట ఎక్కింది. వెనకే కట్టయ్య.

పైన షామియానా, డప్పులు, బొకేలు. రేవు మెట్ల మీద దొంగ పెలిసియే, పక్కన ఆకుపచ్చ పట్టుచీరలో పద్మలత. అతని చేతిలో రిబ్బన్లు కట్టిన స్టీలు గుండు. నీటి స్వచ్ఛత కొలిచే సెన్సర్, సేంత్ మార్త్ ప్రజల కానుక అని మైకులో ఊదరగొడుతున్నారు. నీటికి తగిలిన మూడు సెకన్లకు తెరుచుకునే వాల్వు దాని అడుగున మెరుస్తోంది. విషం ఎక్కడ దాచారో రుహీకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంటర్‌ప్రిటర్ కదా, మైకు తనే తీసుకుంది.

"పెలిసియే గారూ, మీ ఊళ్లో చెరువు ఖాళీ చేసిన ఏడు ఆ అడుగునేల ఎవరిది?"

"నీళ్లూ నేలా అన్నీ అందరివీ, మదామ్!" చిరునవ్వు నవ్వాడు.

"ఆ మాట రూసే వాళ్లకు చెప్పారా?"

రూసే ఎవరో వాడికి తెలియదు. ఫైలులో లేదు మరి. ఒక్క క్షణం ఆ చిరునవ్వు మొహాన అతుక్కుని ఉండిపోయింది. రెండో క్షణంలో వాడు గుండు వదిలేశాడు.

రుహీ దూకేసింది. గుండు నీటిని తాకనే తాకింది. ఒకటి. అరచేతులు జారాయి. రెండు. పీకల్లోతు నీళ్లలో నిలబడి, దాన్ని నెత్తిపైకి ఎత్తి వాల్వు మీద బొటనవేళ్లు అదిమింది. లోపల స్ప్రింగ్ టిక్కుమని ఆగింది. ఇదీ ప్రోగ్రామేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

పద్మలత చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. కట్టయ్య చేతికి అప్పటికే విరవడం అలవాటైపోయింది. ఆమె మణికట్టు విరిచిన చప్పుడు డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. దొంగ పెలిసియే విషం దాచిన కాలర్ బటన్ కొరికాడు. మూడు నిమిషాలు కొట్టుకుని, నోట నురగతో పోయాడు. అతిథిగారికి ఎండదెబ్బ తగిలిందని మైకులో చెప్పారు. జనం అయ్యో పాపం అని లడ్డూలు తీసుకుని వెళ్లిపోయారు.

తడిబట్టలతోనే రుహీ గోదాంకి తిరిగి వచ్చింది. డాక్టర్ కట్టు కడుతున్నాడు. పెలిసియే గారి ముఖంలోకి చూడటానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది.

"క్షమించండి," అంది.

విషం సంగతి డాక్టర్ నోట అప్పటికే విన్నాడాయన. "చెరువుకేం కాలేదు కదా?" అని అడిగాడు.

"కాలేదు."

"సరే," అని కళ్లు మూసుకున్నాడు.

చెవిలో ఓంప్రకాశ్ గొంతు హుషారుగా పలికింది. "షాబాష్! ఆపరేషన్ క్లోజ్. ఒక కాగితం పంపిన, దస్తఖత్ తీసుకో. బాత్రూంల జారి పడ్డ, ఎవరి మీద ఫిర్యాదు లేదు అని."

"చెయ్యి పనిచేయదు సార్. సంతకం ఎట్ల పెడ్తడు?"

"నిశాని పెట్టించు. బొటనవేలు బాగనే ఉన్నది గద?"

ఉంది. అయిదో ప్రశ్న అడగలేదు మరి.